మీకు తోచినంత

మెట్ల కింద ఉన్న ఆ ఆరడుగుల చోటులో కుట్టుమిషను పెట్టుకున్న నాటి నుంచి పెద్దది ఎవరినీ ఇంత ఇమ్మని నోరు తెరిచి అడిగిన పాపాన పోలేదు. ప్యాంటు కింద అంచు మడిచి కుట్టినా, బ్యాగుకి జిప్పు మార్చినా, పరదాలు పొట్టి చేసినా, బట్ట మడతపెట్టి చేతికిస్తూ ఒకటే మాట: "మీకు తోచినంత ఇవ్వండి."

ఆమెకి పని నేర్పిన ముసలి టైలరు నేర్పిన మాట అది. "అడిగావనుకో, బేరం మొదలవుతుంది. అడక్కపోతే మొహమాటం మొదలవుతుంది. బేరమెప్పుడూ కిందికే లాగుతుందమ్మా, మొహమాటం పైకి లేపుతుంది," అనేవాడాయన, పెదాల మధ్య గుండుసూదులు పట్టుకునే. నిజమే. పదిమంది వస్తే ఏడుగురు ఆమె మనసులో అనుకున్నదానికన్నా కాస్త ఎక్కువే ఇచ్చేవారు. ఇద్దరు సరిగ్గా ఇచ్చేవారు. ఒక్కడు మాత్రం చిల్లర మిషను మీద పెట్టి, మొహం చూడకుండా చక్కా పోయేవాడు. వాడు మళ్ళీ వచ్చినప్పుడు వాడి ప్యాంటు రెండు రోజులు ఆలస్యమయ్యేది. అక్కడికి సరి.

అక్కాచెల్లెళ్ళిద్దరినీ ఇంట్లో మొదటి నుంచీ పెద్దది, చిన్నది అనే అనేవారు. ఆ పేర్లే ఉండిపోయాయి. తల్లి పోయేనాటికి పెద్దది తొమ్మిదో తరగతి, చిన్నది మూడో తరగతి. ఒకరు బడి మానితేగాని ఇంట్లో పొయ్యి వెలగదన్నప్పుడు ఎవరు మానాలన్న మాటే రాలేదు. పెద్దది తన సంచిలోంచి పుస్తకాలు తీసేసి, అందులో చెల్లెలి పుస్తకాలు సర్దింది. కొన్నాళ్ళకి తండ్రీ పోయాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు ఒకతను పెళ్ళి చేసుకుంటానని వచ్చినప్పుడు, "నాతో పాటు మా చెల్లి కూడా వస్తుంది" అని ముందే చెప్పింది. "రానీ. ఎనిమిదిమందిని మోసే లిఫ్టులు చూసినవాణ్ణి, ఇద్దరెంత," అన్నాడతను. అన్నట్టే మోశాడు. చిన్నది కంప్యూటర్ల చదువు పూర్తి చేసింది.

ఇప్పుడు పెద్దదానికి ఇరవై ఎనిమిది. నాలుగేళ్ళ కూతురు ఉంది. ఇంటిల్లిపాదీ దాన్ని పిచ్చుక అంటారు, అంత ఒళ్ళే ఉంటుంది కనుక. మెట్ల వెనక ఉన్న ఒకే ఒక్క గది వాళ్ళ ఇల్లు. ఆ గదికి ఒక గోడ ఎప్పుడూ చెమర్చి ఉంటుంది. సున్నం వేస్తే నెల తిరక్కుండా పెచ్చులూడి, వెనక నల్లటి బూజు మళ్ళీ మొహం చూపిస్తుంది. పిచ్చుక దగ్గు ఆ గోడ నుంచే వచ్చిందని డాక్టరు చెప్పాడు. "పిల్లకి మందు నేను రాస్తాను. గోడకి మందు నేను రాయలేను. ఇల్లు మారండి," అన్నాడు. అప్పటి నుంచి పెద్దది నిద్రలో కూడా ఒక చెవి పిల్ల ఛాతీ మీద వేసే పడుకునేది. పిల్ల దగ్గితే ఒక భయం, దగ్గకపోతే ఇంకో భయం.

మారడానికి ఇల్లు దొరక్కపోలేదు. పక్క వీధిలో, మూడో అంతస్తులో, రెండు గదులు. ముందు గదికి రెండు కిటికీలు. చూడ్డానికి వెళ్ళిన రోజు పెద్దది మెడలో వేలాడుతున్న టేపు తీసి ఆ కిటికీలు కొలిచేసింది. "ఇంకా ఇల్లు తీసుకోనే లేదు, అప్పుడే పరదాలా," అని మొగుడు నవ్వాడు. ఎడమ కిటికీ అంగుళం తక్కువుందని ఆమె అతనికి చెప్పింది కూడా. ఇంటి యజమాని రిటైరైన డ్రాయింగు మాస్టారు. అద్దె వీళ్ళ గది అద్దెకి రెట్టింపు పైమాటే. పైగా ఆయన షరతొకటి: ఆఫీసు ఉద్యోగం చేసే మనిషొకరు ఉండాలి, జీతం కాగితం చూపించాలి. "నెలాఖరు దాకా ఆగుతానమ్మా. ఆ తర్వాత ఎవరొస్తే వాళ్ళకి," అన్నాడు.

అందుకే అందరి చూపూ చిన్నదాని మీద పడింది.

చిన్నది ఒక కంప్యూటర్ల కంపెనీ పెట్టిన పరీక్షలు రెండూ గట్టెక్కింది. ఇంటర్వ్యూ వీడియోలో జరిగింది. ఆ రోజు తంతు తలుచుకుంటే పెద్దదానికి ఇప్పటికీ నవ్వూ భయమూ ఒకేసారి వస్తాయి. ముందు కెమెరా పట్టుకుని గదంతా తిప్పి చూపించమన్నారు. బల్ల కింద చూపించమన్నారు. తలుపు వెనక చూపించమన్నారు. ఒకరి బదులు ఒకరు జవాబులు చెప్పే మోసం ఎక్కువైపోయిందట, అలా ఒక్కసారి దొరికితే ఇంకే కంపెనీ గడపా తొక్కనివ్వరట. మెకానిక్కు పిల్లని ఎత్తుకుని గంటసేపు వీధిలో నిలబడ్డాడు. మధ్యలో పిచ్చుక తప్పించుకుని వచ్చి తలుపు సందులోంచి చెయ్యి పెడితే, "ఆ చెయ్యి ఎవరిది?" అని అవతలి మనిషి గద్దించాడు. "మా అక్క కూతురిదండీ, నాలుగేళ్ళు," అని చిన్నది బతిమాలుకుంటే, పిల్లని కెమెరా ముందుకి తెమ్మని, నిజంగా నాలుగేళ్ళదేనా అని చూసి మరీ ఒప్పుకున్నారు.

"దానికి జవాబులు తెలిసుంటే నీ బదులు దాన్నే తీసుకునేవాళ్ళు. జీతం కూడా తక్కువిస్తే సరిపోతుంది," అన్నాడు మెకానిక్కు.

ఏమైతేనేం, ఎంపికయింది. ఇక మిగిలింది జీతం మాట. ఒకట్రెండు రోజుల్లో ఫోన్ చేసి మాట్లాడతామన్నారు. ఆ స్థాయిలో చేరేవాళ్ళకి నెలకి ఇరవై రెండు వేల నుంచి ముప్పై నాలుగు వేల దాకా ఉందని కంపెనీ వాళ్ళే ప్రకటనలో వేశారు. ఆ రెండు అంకెల మధ్య ఎక్కడ నిలబడతామన్నది ఆ ఒక్క ఫోన్‌లో తేలుతుందని చిన్నదానికి దాని సీనియర్లు నూరిపోశారు.

"ముందు మనం అంకె చెప్పకూడదు బావా. వాళ్ళ చేతే చెప్పించాలి. చెప్పాక వెంటనే సరే అనకూడదు. కాసేపు ఊరుకోవాలి. అప్పుడు మనం ముప్పై నాలుగు అడిగితే ముప్పై రెండుకి వస్తారు."

"లిఫ్టు కూడా అంతే," అన్నాడు మెకానిక్కు. "పైకి వెళ్ళాలంటే పై బటనే నొక్కాలి. కింద బటన్ నొక్కి పైకి తీసుకెళ్ళలేదని ఏడవకూడదు."

చిన్నది తలుపు వెనక సుద్దముక్కతో ముప్పై రెండు అని రాసుకుంది. ముప్పై దాటితే కొత్తింటి అద్దెలో సగం తనదంది. ముప్పై రెండయితే కరెంటు బిల్లు కూడా తనదేనంది. అద్దం ముందు నిలబడి మాట్లాడ్డం మూడు రోజులు సాధన చేసింది. పిచ్చుకకి కూడా వచ్చేసింది. "నా నైపుణ్యాలకి తగ్గట్టు పరిశీలించండి మేడం," అని చెక్క బొమ్మతో అంటుండేది.

ఇదంతా పెద్దదానికి గుండెల్లో గుబులుగానే ఉండేది. ఎదురు మాట్లాడితే తీసి అవతల పారేస్తారేమో. వీళ్ళు కాకపోతే వరసలో ఇంకో వందమంది ఉంటారు. ఆరునెలల కిందట ఇలాగే వేరే కంపెనీ నుంచి ఫోన్ వస్తే, అది ఛార్జింగులో ఉండి ఎవరూ వినలేదు. సాయంత్రం తిరిగి చేస్తే, ఖాళీలు నిండిపోయాయన్నారు. చిన్నది రెండు రోజులు అన్నం ముట్టలేదు. అప్పటి నుంచి చెల్లెలి ఫోన్ మోగుతుంటే పెద్దదానికి చంటిపిల్ల ఏడ్చినట్టే ఉండేది. ఎత్తుకోకుండా ఉండలేదు.

ఆ పొద్దున నీళ్ళు వచ్చే వేళ. ఆ భవనంలో కింది వాళ్ళకి నీళ్ళు గంటసేపే. చిన్నది తలస్నానానికి వెళ్ళింది. ఫోన్ మిషను బల్ల మీద పెట్టి వెళ్ళింది. తొమ్మిదీ పదికి మోగింది.

పెద్దది స్నానాలగది తలుపు వైపు చూసింది. లోపల నీళ్ళ చప్పుడు. మూడోసారి మోగింది. నాలుగోసారి మోగింది. ఆరోసారికి ఎత్తేసింది.

అవతలి గొంతు ఆడపిల్లది, తేనె పూసినట్టుంది. చెల్లెలి పేరు ఇంటిపేరుతో సహా చెప్పి, "మీరేనా మాట్లాడుతున్నది?" అంది.

"ఆఁ," అంది పెద్దది.

ఆ ఒక్క 'ఆఁ' ఎందుకన్నదో తర్వాత ఎన్నిసార్లు ఆలోచించినా ఆమెకి అంతుపట్టలేదు. ఆగండి పిలుస్తాను అందామనే నోరు తెరిచింది. అక్కచెల్లెళ్ళ గొంతులు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. కన్నతండ్రే ఫోన్‌లో పోల్చుకోలేకపోయేవాడు.

"కంగ్రాట్స్ అండీ. మీ ప్రొఫైల్ మా వాళ్ళకి చాలా నచ్చింది. ఈ కాల్ రికార్డవుతోంది, పర్వాలేదు కదా?"

"పర్వాలేదు మేడం."

"జీతం విషయంలో మీ ఎక్స్‌పెక్టేషన్ ఎంత?"

తలుపు వెనక ముప్పై రెండు తెల్లగా కనిపిస్తోంది. ముందు అంకె చెప్పకూడదంది చిన్నది. ఆమెకి గుర్తుంది. అంకె చెప్పకుండా ఎలా ఉండాలో ఈ లోకంలో తనకన్నా బాగా తెలిసినవాళ్ళెవరు? ఆరేళ్ళుగా ఆమె చేస్తున్నదే అది. ఎంతో మర్యాదగా, బట్ట మడతపెట్టి చేతికిస్తున్నంత మెత్తగా అంది:

"మీకు తోచినంత ఇవ్వండి మేడం."

అవతల మాట ఆగింది. ఈ నిశ్శబ్దం పెద్దదానికి బాగా తెలుసు. గిరాకీ మనిషి పర్సు తెరిచి, యాభై తియ్యాలా వంద తియ్యాలా అని తటపటాయించే క్షణం అది. మొహమాటం పని చేస్తోందనుకుంది.

"అంటే, మా స్టాండర్డ్ ఆఫర్ మీకు ఓకేనా?"

"మీరెలా అంటే అలాగే మేడం. మీరు చూసి చేస్తారని నమ్మకం."

"సో నైస్ ఆఫ్ యూ," అంది ఆ అమ్మాయి. కీబోర్డు మీద వేళ్ళ చప్పుడు వినిపించింది. "లెటర్ ఈ పూటే వచ్చేస్తుంది."

పెద్దది ఫోన్ ఎక్కడుందో అక్కడే పెట్టేసింది. చెల్లెలు తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చేసరికి ఆమె మొహంలో నవ్వు దాగడం లేదు. చెప్పేయచ్చు. కాని లెటర్ రానీ, అప్పుడు చెబుదామనుకుంది. ముప్పై నాలుగు వేసి ఉంటారు. అంత బాగా మాట్లాడిన పిల్ల తక్కువెందుకు వేస్తుంది? బడి మానేసిన అక్క ఫోన్‌లో సాధించిన సంగతి ఇంట్లో పదేళ్ళు చెప్పుకుంటారు. టీ పెట్టింది, చక్కెర ఒక చెంచా ఎక్కువేసి.

పదకొండింటికి లెటర్ వచ్చింది. చిన్నది కింది మెట్టు మీద కూర్చుని చదివింది. మళ్ళీ పైకి జరిపి మళ్ళీ చదివింది.

"ఏమైందే?"

"ఇరవై రెండు వేశారక్కా."

పెద్దదాని కాలు మిషను తొక్కుడుపలక మీద ఆగిపోయింది.

"అట్టడుగున పెట్టారు. ఫోన్ చేస్తామన్నారు కదా, చెయ్యకుండానే ఎలా పంపిస్తారు?" చిన్నది అప్పటికే నంబరు నొక్కేస్తోంది. స్పీకరు పెట్టి ఫోన్ మిషను బల్ల మీద ఉంచింది, రెండు చేతులతో తడిజుట్టు ముడేసుకుంటూ. పెద్దది 'ఆగు' అనబోయింది. అప్పటికే అవతల ఫోన్ ఎత్తేశారు.

"మేడం, ఆఫర్ లెటర్ వచ్చింది, థ్యాంక్స్. జీతం గురించి కాల్ చేస్తామన్నారు, ఆ కాల్ రాలేదు మేడం."

"పొద్దున మాట్లాడాం కదండీ, తొమ్మిదీ పదికి," అంది అదే తేనెగొంతు. "మీకు తోచినంత ఇవ్వండి అన్నారు. నాకు గుర్తుండిపోయింది, అలా ఎవరూ అనరు. మా టీమ్‌లో కూడా చెప్పి నవ్వుకున్నాం."

చిన్నదాని చేతులు జుట్టులోనే ఉండిపోయాయి. మెల్లగా తల తిప్పి అక్కని చూసింది. పెద్దది చెల్లెల్ని చూడలేక, మిషను మీద సగం కుట్టి ఉన్న ఎవరిదో ప్యాంటు అంచుని చూస్తూ కూర్చుంది.

"హలో? కావాలంటే రికార్డింగు వినిపిస్తాను." గొంతులో తేనె కొద్దిగా పలచబడింది. "పొద్దున మాట్లాడింది మీరు కాదా? కాకపోతే ఇప్పుడే చెప్పండి. అది వేరే విషయం అవుతుంది. ఆఫర్ ఆపి, వెరిఫికేషన్‌కి పంపాలి. ఇంటర్వ్యూ కూడా మీరే ఇచ్చారా లేదా అన్నది మళ్ళీ చూస్తారు."

మెట్ల మీంచి ఎవరో చెప్పులు టపటపలాడిస్తూ దిగి వెళ్ళారు. వాళ్ళు వీధి తలుపు దాటేదాకా చిన్నది వాళ్ళ వైపే చూసింది.

"నేనే మేడం."

"ఏమన్నారు?"

"మాట్లాడింది నేనే. మర్చిపోయాను. సారీ మేడం."

"ఓ, ఓకే." మళ్ళీ తేనె. "రేపు సాయంత్రంలోగా సంతకం పెట్టి పంపేయండి."

"ఇంకేమైనా పెరిగే అవకాశం..."

"సిస్టంలో లాక్ అయిపోయిందండీ. ఏడాది తర్వాత రివ్యూ ఉంటుంది. మీలాంటి ఫ్లెక్సిబుల్ వాళ్ళకి మంచి భవిష్యత్తు ఉంటుంది."

ఫోన్ పెట్టేసింది. చిన్నది జుట్టు ముడి వదిలేసింది. నీళ్ళు మెట్టు మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి.

"నన్ను పిలవాల్సింది అక్కా."

"నీళ్ళు పోసుకుంటున్నావు కదే."

"సబ్బు నురగతోనైనా వచ్చేదాన్ని."

"మళ్ళీ చెయ్యరేమోనని భయమేసింది. అప్పుడలాగే అయింది కదా."

"సరే, ఎత్తావు. ఆ మాటెందుకన్నావు?"

"నువ్వే కదే అంకె చెప్పకూడదన్నావు." అంది పెద్దది. "నా దగ్గర అందరూ ఎక్కువే ఇస్తారు. మొహమాటానికి."

చిన్నది ఒక్క క్షణం చూసి నవ్వింది. తిట్టినా బాగుండేది. "మొహమాటపడ్డానికి కంపెనీకి మొహమేదక్కా," అని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వెనక సుద్ద అంకె తుడిచేసిన చప్పుడు కూడా లేదు. అది అలాగే ఉండిపోయింది.

సాయంత్రం మెకానిక్కు వచ్చి విషయం విన్నాడు. చేతులకి అంటిన గ్రీజు కడుక్కున్నాడు.

"వాళ్ళు నీ దగ్గరికి ప్యాంటు అంచు కుట్టించుకోడానికి వచ్చారనుకున్నావా?"

"తెలీక చేశానండీ."

"తెలిసి ఎవరు చేస్తారు." తువ్వాలు అందుకున్నాడు. "ఆ కంపెనీ ఉన్న బిల్డింగు లిఫ్టులు మావే. నాలుగు లిఫ్టులకి మా ఓనరు ఏడాదికి ఎంత రాయించుకున్నాడో తెలుసా? మన చిన్నదానిలాంటి వాళ్ళు అయిదుగురి జీతం. ఒక్కసారి కూడా మీకు తోచినంత అనలేదు ఆ మహానుభావుడు. ఏటా పది శాతం పెంచమని కాగితం మీద రాయించుకున్నాడు."

"ఇప్పుడేం చేద్దామండీ?"

"ఏముంది, చేరుతుంది. చేరకపోతే ఇరవై రెండు కూడా లేదు."

చేరింది. ఆ నెల పద్దెనిమిదిమంది కొత్తవాళ్ళు చేరారు. అందరికీ ఒకటే పొడుగు బల్ల, ఒకేలాంటి కుర్చీలు, ఒకటే పని. ఊరూరా ఉన్న కంపెనీ ఖాతాదారులు పాస్‌వర్డు మర్చిపోయామనో, తెర నల్లబడిందనో రాసి పంపే ఫిర్యాదులు వరసపెట్టి తీర్చడం. రోజుకి నలభై తీర్చాలి. చిన్నది యాభై తీర్చేది. చేతికి వచ్చేది ఇరవై రెండు కూడా కాదు. బస్సుకింత, బీమాకింత, పనితీరు చూసి ఏడాది చివర ఇస్తామని ఆపుకునేది ఇంత, పోగా పద్దెనిమిది వేల ఆరువందలు.

జీతాల సంగతి ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదని చేరిన రోజే సంతకం పెట్టించుకున్నారు. మూడో వారానికి కాంటీన్‌లో అందరూ అదే మాట్లాడుకున్నారు. చిన్నదాని పక్క కుర్చీలో ఉంగరాల జుట్టు కుర్రాడు టీ తాగుతూ ముప్పై ఒకటన్నాడు. తను పెద్దగా అడగను కూడా లేదట. ఇంకొంచెం చూడండి మేడం అన్నాడట, అంతే. వాళ్ళన్నయ్య పన్నెండేళ్ళ కిందట ఇదే కంపెనీలో ఇరవై రెండుకి చేరాడట.

"పన్నెండేళ్ళలో టీ మూడింతలయింది. ఇరవై రెండు మాత్రం ఇరవై రెండే," అన్నాడతను. "ఇప్పుడు ఆ రేటుకి ఎవరు చేరతారు చెప్పు, పిచ్చోళ్ళు తప్ప. నీకెంత?"

"నాకూ అంతే," అంది చిన్నది.

ఈ సంగతి ఇంటికొచ్చి చెప్పింది. దాచుకుందామనుకున్నట్టే ఉంది, కాని చెప్పేసింది, పిచ్చుక గౌనుకి బటన్లు కుడుతున్న అక్క పక్కన కూర్చుని.

"పోనీలే. వచ్చే ఏడాది పెంచుతారుగా," అంది పెద్దది.

"ఎనిమిది శాతం పెంచుతారు. ఎవరికైనా ఎనిమిదే."

"మరి సమానమే కదే."

"అక్కా, కొలత మొదట్లో రెండంగుళాలు తప్పిందనుకో. చివరికెంత తప్పుతుంది?"

"రెండంగుళాలే."

"నీ బట్టలో అంతే. అక్కడ ఆ రెండంగుళాలు పిల్లల్ని పెడతాయి. వాడికి ముప్పై ఒకటి మీద ఎనిమిది, నాకు ఇరవై రెండు మీద ఎనిమిది. వేరే కంపెనీకి వెళ్ళినా మొదటడిగేది, ఇప్పుడెంత వస్తోందనే. నేను రిటైరయ్యేదాకా వాడి వెనకే నడవాలి." కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. పెద్దది దారం పళ్ళతో కొరికి, బటన్ మీద వేలు పెట్టి నొక్కి చూసింది, గట్టిగానే ఉన్నా.

నెలాఖరున ముగ్గురూ పిల్లని ఎత్తుకుని డ్రాయింగు మాస్టారి దగ్గరికి వెళ్ళారు. ఆయన జీతం కాగితం కళ్ళజోడు పైకెత్తి చూశాడు. అద్దె చూస్తే జీతంలో మూడు వంతులుంది. "పిల్ల ఉంది, చూస్తే జాలేస్తోంది. కాని నాకూ ఇదే ఆధారమమ్మా," అన్నాడు. తప్పు పట్టడానికి కూడా ఏమీ లేదు. అద్దె తగ్గించమని మెకానిక్కు అడిగాడు. ఎంత తగ్గించాలని ఆయన అడిగితే పెద్దది గభాలున మొగుడి చెయ్యి గిల్లింది. తన నోటి మీద తనకే నమ్మకం లేనట్టు, మొగుడి నోరు కూడా మూయించాలనిపించింది. మాట కుదరలేదు.

మరుసటి వారం ఉంగరాల జుట్టు కుర్రాడు కాంటీన్‌లో ఇల్లు వెతుక్కుంటున్నానన్నాడు. చిన్నది మాస్టారి చిరునామా కాగితం మీద రాసిచ్చింది. ఆ సంగతి విని మెకానిక్కు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు.

"నీకేమైనా మతి పోయిందా?"

"ఎవరో ఒకరు వస్తారు కదా బావా. అతను మంచివాడు," అంది చిన్నది. "కిటికీలైనా తెరుస్తాడు."

పిచ్చుక దగ్గు ఆ నెల ఎక్కువైంది. చిన్నది జీతంలోంచి మందులకి ఇచ్చేది, అడక్కుండానే. పెద్దది వద్దనేది. వద్దన్న కొద్దీ ఇచ్చేది. మిషను బల్ల మీద పెట్టి, ఆమె మొహం చూడకుండా వెళ్ళిపోయేది. పదిమందిలో ఆ ఒక్కడు ఎలా వెళ్ళేవాడో అలాగే.

ఒక సాయంత్రం ఆ కుర్రాడే మెట్ల కిందికి వచ్చాడు, చంకలో గుడ్డల మూట పెట్టుకుని. ఆఫీసులో చిన్నది చెప్పిందట, మా అక్క కుడుతుందని.

"పరదాలక్కా. ముందు గదికి రెండు కిటికీలు. ఎండ నేరుగా మొహం మీద కొడుతోంది, పొద్దున్నే లేపేస్తోంది," అన్నాడు విసుగ్గా. గుడ్డ విప్పాక నాలిక కరుచుకున్నాడు. "కొలతలు మర్చిపోయాను. రేపు తీసుకొస్తా."

"అక్కర్లేదు బాబూ," అంది పెద్దది. "పొడవు నాలుగడుగుల రెండంగుళాలు. ఎడమది అంగుళం తక్కువ."

"మీకెలా తెలుసు?"

"ఆ ఇల్లు తెలుసులే."

గుడ్డ లేత పసుపు రంగుది. తనే ఎంచుకుని ఉంటే అదే రంగు కొనేది. రెండు రోజుల్లో కుట్టింది. ఎవరి పరదాలకీ వెయ్యనంత సన్నటి కుట్టు వేసింది. లోపల్నుంచి దగ్గు వినిపించినప్పుడల్లా మిషను ఆపి, తగ్గాక మళ్ళీ తొక్కింది.

అతను తీసుకెళ్ళడానికి వచ్చేసరికి చిన్నది కూడా ఆఫీసు నుంచి అప్పుడే వచ్చి, మెట్టు మీద బూట్లు విప్పుకుంటోంది. కుర్రాడు పరదా విప్పి వెలుతురుకి పట్టి చూశాడు. "భలే కుట్టారక్కా. ఎంతివ్వమంటారు?"

ఆరేళ్ళ అలవాటు. మాట నాలిక చివరికి వచ్చేసింది. చెల్లెలు బూటు లేసు పట్టుకున్న చెయ్యి కదలకుండా ఆగిపోవడం పెద్దదానికి కనిపించింది. మాట మింగింది. ఇంత పనికి మామూలుగా ఎంత వస్తుందో లెక్కేసుకుంది. దానికి ఇంకో వంద కలిపింది. మరీ ఎక్కువేమోననిపించింది. అయినా జీవితంలో మొదటిసారి, మొహం ఎత్తి, అంకె చెప్పింది.

"అయిదు వందలు."

అతను అప్పటికే ఎనిమిది వందలు తీసి పట్టుకుని ఉన్నాడు.

"అంతేనా?" అన్నాడు. మూడు వందలు వెనక్కి పర్సులో పెట్టుకుని, అయిదు వందలు మిషను మీద ఉంచాడు. "థ్యాంక్స్ అక్కా. బయట అయితే వెయ్యి అడుగుతున్నారు."

పరదాలు చంకలో పెట్టుకుని, పక్క వీధి వైపు తిరిగాడు. చిన్నది రెండో బూటు విప్పి, రెంటినీ గోడ పక్కన జతగా పెట్టి, అక్కని దాటుకుని లోపలికి వెళ్ళింది. చెమర్చిన గోడ పక్కన పిచ్చుక మళ్ళీ దగ్గడం మొదలుపెట్టింది. పెద్దది లేవబోతే, లోపల్నుంచి చెల్లెలి గొంతు, అచ్చం తన గొంతే, అంది:

"నువ్వు కూర్చో అక్కా. నేను చూసుకుంటాలే."